తిరిగి వచ్చిన ఉత్తరం

చిరునామాదారు దొరకని ఉత్తరం తిరిగి వచ్చేటప్పుడు కవరు మీద పోస్ట్‌మాన్ కారణం వ్రాస్తాడు. "ఇల్లు మారినారు" అనే ఒక్క మాటతో మనం ఏమి చేయాలో తెలిసిపోతుంది. ఈమెయిలు కూడా చేరనప్పుడు కారణంతోనే తిరిగి వస్తుంది. కాని ఆ కారణం ఎంతమందికి అర్థమవుతుంది?

గాజువాకలో మా పొరుగున ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన కుమారుడు ఓడలో ఉద్యోగం కొరకు సర్టిఫికెట్లను ఒక సంస్థకు ఈమెయిలులో పంపాడు. చిరునామాలో ఒక అక్షరం తప్పింది. కాసేపటికే "మెయిలర్ డీమన్" అనే పేరుతో ఇంగ్లీషులో పెద్ద జవాబు వచ్చింది. "నాయనా, దయ్యం పేరుతో వచ్చినదాన్ని తెరవకు" అన్నది తల్లి. అతడు చదవకుండానే తీసివేశాడు. గడువు దాటాక గాని దరఖాస్తు చేరలేదని తెలియలేదు.

ఆ పేరుకు భయపడనక్కరలేదు. 1963లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో, తెర వెనుక తనంతట తాను పనిచేసే ప్రోగ్రాముకు ఆ పేరు పెట్టారు. శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన, కంటికి కనబడని పనివాని పేరు అది.

ఆ జవాబులో సాధారణంగా ఒక మూడంకెల సంఖ్య ఉంటుంది. 1982 నాటి నియమాల ప్రకారం అది 5తో మొదలైతే ఉత్తరం ఇక పోదు. 550 అంటే తరచుగా ఆ పేరుతో పెట్టె లేదని అర్థం. 4తో మొదలైతే ఆటంకం తాత్కాలికమే. అవతలి సర్వరు అసలు అందకపోయినా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు గదా! అటువంటి వేళ పంపే సర్వరు ఉత్తరాన్ని పారవేయదు. సాధారణంగా నాలుగైదు రోజులు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది.

ఈ భేదం మనకు చెప్పవలసినది మన ఫోనులోని మెయిలు యాప్. "ఏదో పొరపాటు జరిగింది" అంటే చాలదు. ఎవరికి చేరలేదు, ఎందుకు చేరలేదు, వేచి ఉండాలా, చిరునామా సరిదిద్ది మళ్ళీ పంపాలా అని తేట తెలుగులో చెప్పాలి. ఆగిపోయిన ఉత్తరాన్ని వెళ్ళినట్టు చూపరాదు. సంఖ్యను క్రింద ఉంచితే తెలిసినవారు చూచి సాయం చేస్తారు.

అంతవరకు, ముఖ్యమైన మెయిలు పంపిన రోజు సాయంకాలం పెట్టె ఒకసారి తెరచి చూడండి. తిరుగు జవాబు ఉంటే చిరునామాను అక్షరం అక్షరం సరిచూడండి. పాస్‌వర్డ్ అడిగితే మాత్రం అది మోసమని గ్రహించి, ఇంటివారికి కూడా చెప్పండి.