నిద్ర ఎలా పడుతోంది?

నాగ్‌పాడా, ముంబై

ప్రియమైన మీకు,

ఈసారి కుశల ప్రశ్నల్లో ఒకటి ఎక్కువ అడుగుతున్నాను. నిద్ర సరిగ్గా పడుతోందా? మీ ఉత్తరాల్లో మోకాళ్ల నొప్పి ఉంటుంది, బీపీ ఉంటుంది, పిల్లల ఫీజుల బెంగ ఉంటుంది. నిద్ర మాట మాత్రం ఎవరూ ఎత్తరు. అదీ ఒక సంగతేనా అన్నట్టు వదిలేస్తాం.

దానికి కారణం మన పేట బతుకులోనే ఉందనిపిస్తుంది. నిజాం సీమ నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసిన కామాటీల పేరే కామాటిపురా పేటకు నిలిచింది. తర్వాత బట్టల మిల్లుల కోసం ముంబై చేరిన మన తెలుగువాళ్లు పాళీల (షిఫ్టుల) లెక్కన బతికారు. ఒకే ఖోలీలో, అంటే ఒక్క గదిలో, ఎంతమందో సర్దుకునేవారు. పొద్దున పనికి వెళ్లినవాడి చాప ఖాళీ అయితే, రాత్రి పాళీ ముగించుకొని వచ్చినవాడు దాని మీద ఒరిగేవాడు. 1982 మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గానీ, దొరికినప్పుడే పడుకునే ఆ అలవాటు మనలో ఉండిపోయింది. ‘ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు’ అనుకుని మన పెద్దలు గడిపేశారు. వాళ్ల ఓర్పుకు చేతులెత్తి మొక్కుతాను. ఆ సామెతను మాత్రం ఒప్పుకోలేను. నిద్రకు సుఖం బాగా తెలుసు.

‘మాకు అలవాటైపోయిందండీ, గ్రాంట్ రోడ్డు రైళ్ల చప్పుడు లేకపోతేనే నిద్ర పట్టదు’ అని మీరంటారు. నిజమే, మెలకువ రాకపోవచ్చు. కానీ మనం పడుకున్నా చెవి పడుకోదు. పెద్ద హారన్ మోగినప్పుడల్లా గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు కాస్త ఎగబాకుతుంది, తెల్లారాక అదేదీ మనకు గుర్తుండదు. పడకగదిలో రాత్రిపూట శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. కాబట్టి గల్లీలో పది దాటాక స్పీకర్ ఆపమని అడగడానికి మొహమాటపడకండి. పసిపిల్లల కోసం, రోగుల కోసం అడుగుతున్నారు మీరు.

రాత్రి డ్యూటీ చేసేవాళ్ల గురించి మరీ గట్టిగా చెప్పాలని ఉంది. వాచ్‌మన్లు, ఆసుపత్రి వార్డుల్లో పనిచేసేవాళ్లు మన చాళ్ల ఇళ్లలో ఎందరో ఉన్నారు. పగలు పడుకుంటే చాలు, లెక్క సరిపోతుందని అందరూ అనుకుంటారు. సరిపోదు. ఒంట్లో ఒక గడియారం ఉంది, దాన్ని సరిచేసేది వెలుగు. ఆ గడియారం ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకే 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. పగటి వెలుగు ఆ గడియారాన్ని మెలకువ వైపు నెడుతుంది, అందుకే పగటి నిద్ర పొట్టిగా, పలచగా ఉంటుంది. ఏళ్ల తరబడి రాత్రి పనిచేయడాన్ని క్యాన్సర్‌కు కారణం కాగల వాటిలో ఒకటిగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది, 2019లో మళ్లీ చూసి అదే మాట మీద నిలిచింది. పని మానెయ్యమని ఎలా అంటాను? కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి, వాళ్లు పడుకునే వేళకు టీవీ ఆపండి. మధ్యాహ్నం దాకా పడుకున్నాడని రాత్రి డ్యూటీ చేసొచ్చిన పిల్లాణ్ని బద్ధకస్తుడనకండి, అదొక్కటీ నా కోసం చేయండి.

ఇక మన ఆడవాళ్లు. అందరికంటే ఆఖరున నడుం వాలుస్తారు, తెల్లవారుజామున కుళాయి నీళ్లు వచ్చే వేళకు అందరికంటే ముందు లేస్తారు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులంటుంటే, ఐదు గంటలు కూడా దొరకని ఇల్లాళ్లు నాకు తెలుసు. నీళ్లు పట్టే వంతు ఇంట్లో మగవాళ్లు వారానికి కొన్ని రోజులైనా తీసుకోవచ్చు. బిందె ఎత్తడానికి మనకూ చేతులున్నాయి.

‘మా తాత నాలుగు గంటలే పడుకుని తొంభై ఏళ్లు బతికాడు’ అని ఎవరో ఒకరు రాస్తారు. పుట్టుకతోనే తక్కువ నిద్ర చాలేవాళ్లు ఉంటారు, కానీ చాలా అరుదు. తాత మధ్యాహ్నం అరుగు మీద తీసిన కునుకు ఎవరైనా లెక్కపెట్టారా? వయసు మళ్లితే నిద్ర అక్కర్లేదన్నదీ సరికాదు. అవసరం పెద్దగా తగ్గదు, నిద్ర మాత్రం తేలికై మధ్యమధ్య తెగుతుంది. పెగ్గు వేస్తే బాగా పడుతుందనే అన్నలకు కూడా ఒక మాట: తొందరగా పడుతుంది, అర్ధరాత్రి దాటాక చెదిరిపోతుంది.

గురకను గాఢ నిద్రకు గుర్తు అనుకుంటాం. గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలైతే జాగ్రత్త. ఆ ఆగిన ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. బీపీ మందులకు లొంగకపోవడానికి, పగలంతా జోగుతూ ఉండటానికి అదే కారణం కావచ్చు. దీనికి పరీక్ష ఉంది, వైద్యమూ ఉంది. నాయర్ ఆసుపత్రి మనకు నడిచి వెళ్లే దూరమే. పడుకున్న మనిషికి తన గురక తెలియదు గనుక పక్కనున్నవాళ్లే చూసి డాక్టరుకు చెప్పాలి.

మీ ఖోలీలో ఎవరు ఏ వేళకు పడుకుంటారో, ఏ చప్పుడుకు లేస్తారో ఈసారి వివరంగా రాయండి. ముఖ్యంగా అక్కయ్యలు రాయాలి. జవాబు ఆలస్యమైనా ఫరవాలేదు, రాత్రి మేలుకుని మాత్రం రాయకండి.

ప్రేమతో,
మీ నాగ్‌పాడా నేస్తం