ఆరంకెల కంచరపాలెం

విశాఖలో ఆటో ఎక్కి ‘కంచరపాలెం’ అంటే చాలు... ‘మెట్టు దగ్గరా, ఊర్వశి జంక్షనా?’ అని డ్రైవరే అడుగుతాడు. పాపం, ఉత్తరానికి ఆ వెసులుబాటు లేదు. దారిలో ఎవరూ దాన్ని అడగరు, అదీ ఎవరినీ అడగలేదు. అందుకే దాని తరఫున ఆరంకెలు మాట్లాడతాయి... 530008.

ఎడమ నుంచి చదువుకుంటూ వస్తే అదో చిన్న ప్రయాణం. మొదటి 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు ఉమ్మడి గుర్తు. 53 అనేసరికి ఉత్తరం గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర వైపు తిరుగుతుంది. 530 అంటే విశాఖ నగర ప్రాంతం. చివరి 008 దాన్ని కంచరపాలెం పోస్టాఫీసులో దింపుతుంది. అక్కణ్నుంచి గుమ్మం దాకా పోస్టుమ్యాన్‌దే బాధ్యత.

ఈ ఏర్పాటు 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపకర్త కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారి శ్రీరాం భికాజీ వేలంకర్. ఆయన సంస్కృత కవి కూడా. కొత్తపేటలూ రామాపురాలూ ఊరికొకటి ఉండే దేశం మనది. దానికితోడు చిరునామాలు రకరకాల భాషల్లో, అర్థంకాని చేతిరాతల్లో ఉంటాయి. ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి భాష రాకపోయినా అంకెలు చాలు. అందుకే దేశాన్ని ఎనిమిది ప్రాంతాలుగా విభజించి, తొమ్మిదో అంకెను సైనిక తపాలాకు కేటాయించారు.

విశాఖకు అది సరైన సమయం. 1933లో పోర్టు ప్రారంభమైన నాటి నుంచీ జనం పనులు వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. 1971 జనవరిలో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. మర్రిపాలెం, తాటిచెట్లపాలెం, అక్కయ్యపాలెం... పాలేలన్నీ ఒకదానికొకటి అతుక్కుని నగరమైపోయాయి. ఎక్కడ ఏ ఊరు ముగిసిందో చెప్పడం కష్టం. పోస్టాఫీసు మాత్రం చెప్పగలదు!

అయితే ఈ లెక్క దారి వెంట వరసగా సాగదు. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌ది 530007, కంచరపాలెంది 530008, ఎన్ఏడీది 530009. బాగానే ఉందనుకునేలోపు పొరుగునే ఉన్న మర్రిపాలెం 530018 అంటుంది. గోపాలపట్నం 530027కి వెళ్లిపోతుంది. కారణం చిన్నదే. ఆ సంఖ్య నేలది కాదు, ఉత్తరాలు పంచే పోస్టాఫీసుది. అందుకే వార్డులు మారినా, జిల్లాలు విడిపోయినా అది పట్టించుకోదు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి వేరే జిల్లా అయింది. పట్టణం పిన్ మాత్రం అదే 531001.

కంచరపాలెం అని జనం పిలుచుకునే చోట్లన్నీ 530008లోకి రాకపోవడానికీ కారణం ఇదే. ఇల్లు ఏ పేటలో ఉందన్నది కాదు, ఆ గుమ్మానికి ఏ పోస్టాఫీసు మనిషి వస్తాడన్నదే లెక్క. అనుమానం ఉంటే ఆయన్నే అడగడం మేలు.

ఒక్క అంకే కదా అనుకోవచ్చు. కానీ ఇది అద్దె ఇళ్ల ఊరు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వచ్చి రైల్వేలోనో పోర్టులోనో పని చూసుకున్న కుటుంబాలు ఎన్నో. 532లోనో 535లోనో పుట్టినవాళ్లు 530కి మారారన్నమాట! జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ఉన్నదీ కంచరపాలెంలోనే. ఇంటర్వ్యూ కార్డు పోస్టులోనే వచ్చే రోజుల్లో, అది వేరే పోస్టాఫీసుకు తిరిగి ఒకరోజు ఆలస్యంగా చేరిందంటే ఉద్యోగం చేజారినట్టే. ‘మావాడికేమైనా వచ్చిందా బాబూ?’ అని పోస్టుమ్యాన్‌ను అడిగే తల్లి గొంతులో ఆ ఇంటి బెంగంతా ఉండేది. ఇప్పుడు ఉత్తరాల బదులు ఏటీఎం కార్డు, ఆధార్, పాస్‌పోర్టు వస్తున్నాయి. ఇల్లు మారినప్పుడు చిరునామాలో పిన్ సరిచేసుకోకపోతే వాటికీ అదే తిప్పట.

2025 మేలో తపాలా శాఖ ‘డిజిపిన్’ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్ఆర్ఎస్‌సీ సహకారంతో రూపొందిన ఈ పది అక్షరాల, అంకెల గుర్తు దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గడులుగా చూపిస్తుంది. పిన్ పేట వరకు తీసుకొస్తే, ఇది గుమ్మం వరకూ తెస్తుంది. అలాగని పిన్‌ను తీసేయలేదు.

గుమ్మం దొరికినా, లోపల ఉండేది ఎవరి తాలూకు అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి అద్దె ఇళ్లవాళ్లు ఏనాడో జవాబు కనిపెట్టారు. ఇంటి యజమాని పేరో, వీధి చివరి కిరాణా కొట్టు పేరో రాసి, ముందు ‘కేరాఫ్’ అని చేర్చేవారు. 2018లో ఈ పేట మనుషులే ఎక్కువగా నటించిన సినిమాకు దర్శకుడు వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ అని పేరు పెట్టారు. మనిషి పేరు ఉండాల్సిన చోట ఊరి పేరు ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లకు ఇంతకాలం పూచీ పడింది ఆ ఊరే మరి!