కందిచేను, నెలజీతం

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు మావాళ్ళందరూ మురిసిపోయారు. నల్లరేగడిలో వానను నమ్ముకుని పెరిగే ఆ పంట చేతికి రావడానికి దాదాపు ఆరు నెలలు. అంతవరకూ ఇల్లు గడిచేదెలా అన్నది మా అన్నకొడుకు ప్రశ్న. వాడు నాపరాళ్ళ పాలిషింగు యూనిట్లో పనిచేస్తున్నాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు చేటని వాడికీ తెలుసు.

"కాకా, బండలపని నెలనెలా పైసలిస్తది. కంది ఎప్పుడిస్తదో వానకే ఎరుక" అంటాడు.

ఇది బద్ధకమనే పెద్దలతో నేను ఏకీభవించను. మొన్న వికారాబాదులో వాడికి సంబంధం చూడబోతే, వాళ్ళు మొదట అడిగింది పొలమెంతని. వెంటనే, అబ్బాయి సేద్యం చేయడు కదా అని! పొలం కావాలి, అల్లుడు మాత్రం అందులో దిగరాదు.

ఈ తొలకరికి వాడు రెండురోజులు సెలవుపెట్టి వచ్చి, తండ్రితో కలిసి విత్తనం వేసి వెళ్ళాడు. కలుపు తీయడానికి కూలీలను వెతుకుతున్నాము.