ఘాటీ మూసుకున్న రోజు

మా వారిది కూరగాయల వ్యాపారం. సెమిలిగుడ చుట్టుపక్కల గూడేల రైతుల దగ్గర క్యాబేజీ, బీన్సు, టమాటా, చలికాలంలో అల్లం కొని, పొట్టంగి, సుంకి ఘాటీ మీదుగా సాలూరు దింపి విశాఖపట్నం పంపిస్తారు. ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో అన్నం ఆ ఘాటీ రోడ్డు మీదనుంచే వస్తోంది.

2014 అక్టోబరు 11, శనివారం సాయంత్రం రెండు లారీలు నిండి ఉన్నాయి. తుఫాను వస్తోందని రేడియోలోను, టీవీలోను చెబుతూనే ఉన్నారు. మా వారు వెనకాడారు. "రెండు రోజులు ఆపుదామా?" అన్నారు. ఆపితే సరుకు మెత్తబడుతుంది. పైగా అమ్మాయికి నర్సింగులో సీటు వచ్చింది, ఫీజు కట్టడానికి వారమే గడువు. ఆ డబ్బే రైతులకు అడ్వాన్సుగా ఇచ్చి ఉన్నాం. "దేవుడున్నాడు, పంపించండి" అన్నాను. అన్నది నేనే. ఆయన కాదు.

మర్నాడు ఆదివారం హుద్‌హుద్ విశాఖను తాకింది. మేం ఇక్కడ మందిరంలో ఉండగానే గాలి మొదలైంది, రేకులు లేచిపోతాయేమోనని ఆరాధన త్వరగా ముగించారు. లారీలు విజయనగరం దాటి, రోడ్డుకు అడ్డంగా పడిన చెట్ల మధ్య నిలిచిపోయాయి. విశాఖలో కరెంటు లేదు, ఫోన్లు లేవు, మార్కెట్టు లేదు. డ్రైవర్లు ప్రాణాలతో ఉన్నారని తెలిసేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ సరుకు సంగతి నాకు గుర్తు రాలేదనే చెప్పాలి. నాలుగో రోజు గుర్తొచ్చింది. అప్పటికి లారీల దగ్గర నిలబడలేనంత కంపు.

రైతులకు ఇంకా సగం డబ్బు బాకీ. మా వారు నా గాజులు, గొలుసు తాకట్టు పెట్టి పైసాతో సహా ఇచ్చేశారు. అమ్మాయి సీటు పోయింది.

సంఘంలో అందరూ మంచివాళ్ళే. వచ్చి కూర్చుని, "దేవుని చిత్తం అమ్మా, ఇంతకంటె మంచిది దాచి ఉంచాడు" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ మీద కాదు కోపం. శనివారం సాయంత్రం నేనన్న మాటా అలాంటిదే కదా! అది విశ్వాసమా, ఫీజు గడువుకు భయపడి దేవుడి పేరు పెట్టుకున్న మొండితనమా? ఇప్పటికీ రెండోదనే నా అనుమానం. ఆ రోజుల్లో మాత్రం, నేను నమ్మితే ఆయన మోసం చేశాడనిపించింది. రాత్రి భోజనం ముందు ప్రార్థన ఎప్పుడూ నేనే చేసేదాన్ని. ఒక రాత్రి కళ్ళు మూసుకున్నాను గాని నోరు రాలేదు.

మా మామగారిది సాలూరు. అక్కడి లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. ఆయన నా వైపు చూసి, "నేను చేస్తానులే అమ్మా. నువ్వు ఆమేన్ అను చాలు. అదీ రాకపోతే ఊరికే కూర్చో" అన్నారు.

చాలా నెలలు ఊరికే కూర్చున్నాను.

భోజనాలయ్యాక ఆయన మిషనరీ దొరల కథలు చెప్పేవారు. 1881లో జర్మనీలోని బ్రెక్లుం అనే చిన్న ఊరినుంచి ఎర్న్‌స్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అనే ఇద్దరు ఈ దేశం బయలుదేరారు. వాళ్ళు కోరుకున్నది మన ప్రాంతం కాదు, బస్తరు. అంతదూరం పడుతూ లేస్తూ జగదల్‌పూర్ చేరితే రాజుగారు ఉండడానికి ఒప్పుకోలేదు. వెనక్కి తిరగక తప్పలేదు. చివరికి ఒకరు కోరాపుట్టులో, ఒకరు సాలూరులో మకాం పెట్టారు. (అప్పట్లో రెండూ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లావే. 1936లో ఒరిస్సా వేరుపడ్డాకే మనం ఇవతలివాళ్ళం, వాళ్ళు అవతలివాళ్ళు అయ్యాం.) బితూనియకు పోదామనుకున్న పౌలును ఆత్మ పోనివ్వకపోతే త్రోయకు, అక్కడినుంచి మాసిదోనియకు వెళ్ళినట్టు, అనేవారు మామగారు.

"అయితే మామయ్యగారూ, బస్తరు తలుపు మూసింది మన మంచికేనంటారా?" అని ఒకరోజు కాస్త వెటకారంగానే అడిగాను.

ఆయన నవ్వలేదు. "మనకు మంచిదే. వాళ్ళకు మంచిదని నేనెలా అంటాను? ఇక్కడి మలేరియాకు వాళ్ళలో కొందరు ఈ కొండల్లోనే పోయారు. 1914లో యుద్ధం వచ్చింది, జర్మనులని చెప్పి మిగిలినవాళ్ళను బ్రిటిషువాళ్ళు నిర్బంధించి దేశం దాటించేశారు. కట్టుకున్నదంతా వదిలి ఓడ ఎక్కినవాళ్ళకు, 1928లో జయపురం లూథరన్ సంఘం ఏర్పడుతుందని అప్పుడేం తెలుసు? ఎందుకు మూశాడో నాకు తెలీదమ్మా. వాళ్ళు మాత్రం రాజుగారి గుమ్మంలో కూర్చుని ఏడవలేదు. ఉండనిచ్చినచోట భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు."

నాకు అందరి ఓదార్పుల కంటె ఆ "నాకు తెలీదు" అన్న మాట ఎక్కువ పనిచేసింది. ఎందుకో చెప్పలేను.

మరుసటి ఏడు వానలు తగ్గాక, పొట్టంగి వైపు గూడెంనుంచి ఒకామె గంపలో చోళ్ళు, ఒక గుమ్మడికాయ తెచ్చి మా గుమ్మంలో దించింది. ఎందుకని అడిగితే, ఆ తుఫానుకు డబ్బు ఎగ్గొట్టని షావుకారి ఇల్లు ఇదేనా అని దేశియా భాషలో అడిగింది. టీ తాగి వెళ్ళిపోయింది. నా గొలుసు మాత్రం విడిపించలేకపోయాం. అది వేలానికి పోయింది.

అమ్మాయి నర్సు కాలేదు. మరుసటి ఏడు ప్రయత్నించినా సీటు రాలేదు. విజయనగరంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పెళ్ళయింది, ఒక బాబు. ఉద్యోగం బాగానే ఉంది. చూసినవాళ్ళు, "చూశావా, దేవుడు అంతా మంచే చేశాడు" అంటారు. నేను ఔననను, కాదనను.

మామగారు 2019లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మొన్న క్రిస్మసుకు అమ్మాయి వచ్చింది. ఇద్దరం వసారాలో కూర్చుని బీన్సు ఒలుస్తున్నాం. దేవమాలి వైపునుంచి చలిగాలి. ఉన్నట్టుండి, "అమ్మా, బస్‌స్టాండులో తెల్లబట్టల్లో నర్సింగు పిల్లలు కనిపిస్తే నేనిప్పటికీ తల తిప్పేసుకుంటాను తెలుసా?" అంది. ఆ శనివారం సాయంత్రం లారీలు పంపమన్నది నేనేనని దానికి అంతవరకూ తెలియదు. చెప్పాను. అది నా ముఖం చూడలేదు, చేతులు ఆపలేదు. బీన్సు మొత్తం ఒలిచేవరకూ మాట్లాడలేదు.

రాత్రి భోజనాల దగ్గర, ప్రార్థన చెయ్యవే అన్నారు వాళ్ళ నాన్న. అది కళ్ళు మూసుకుంది గాని మొదలుపెట్టలేదు.

"నేను చేస్తాను, నువ్వు ఊరికే కూర్చో" అన్నాను.