ఇసుక కుదురుకునే దాకా

సముద్రం ఎదురుగా ఉన్న ఊళ్లో సముద్రాన్ని కొనుక్కోవడం వింతగానే ఉంటుంది. విశాఖపట్నంలో రిటైరైన ఓ పోర్టు ఉద్యోగి ఇంటికి మార్చి నెలాఖర్లో నాలుగడుగుల గాజు తొట్టి, ఉప్పు ప్యాకెట్లు, ఇసుక బస్తాలు దిగినప్పుడు ఆయన భార్య అడిగింది అదే. "ఏమండీ, వీధి దాటితే బీచి. ఉప్పుకీ ఇసుకకీ కూడా డబ్బులు పొయ్యాలా?"

పొయ్యాల్సిందే. ఒడ్డు దగ్గరి నీటిలో నగరపు మురుగు కలిసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. విశాఖ తీరంలోని ఇసుక ప్రధానంగా క్వార్ట్జ్. దాంట్లో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు కలిసి నల్లని, ఎర్రని చారలు కడతాయి. ఉప్పునీటి తొట్టికి అందరూ ఎంచుకునేది సున్నపు జాతి ఇసుక, అరగొనైట్. పైగా తీరంలో ఇసుక తవ్వకాన్ని సీఆర్‌జెడ్ నిబంధనలు నిషేధిస్తాయి. రాతి పగడాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలుకు ఎక్కాయి. అందుకే ఆయన తెచ్చుకున్నది సిరామిక్ రాళ్లు, బస్తా ఇసుక.

ఇంత హడావుడికీ కారణం బెంగళూరులో ఉండే ఏడేళ్ల మనవడు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమాను వాడు ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. "సెలవులకి వచ్చేసరికి నీమో ఉండాలి తాతయ్యా" అని ఫోన్లో హుకుం జారీ చేశాడు. ఆరు వారాల గడువు. పోర్టు డ్రెడ్జింగ్ పనుల్లో మూడు దశాబ్దాలు గడిపిన మనిషికి నలభై కిలోల ఇసుక ఓ లెక్కా?

లెక్కేనని తేలడానికి ఒక్క రాత్రి చాలింది. తొట్టిలో పట్టేది సుమారు 250 లీటర్లు. రాళ్లను ముందుగా గాజు అడుగు మీదే నిలబెట్టి, ఆ తర్వాత వాటి చుట్టూ రెండంగుళాల మందాన ఇసుక పరిచారు. ఆ వరుస తప్పితే ఇసుకను తవ్వే గోబీ చేపలు, రొయ్యలు ఏదో ఒకరోజు రాళ్ల కింద గోతులు చేస్తాయి, రాయి దొర్లి గాజు పగులుతుంది. ఫిల్టర్ చేసిన నీటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపారు. గంటకు తొట్టి నీటిని ఇరవైసార్లు తిప్పే రెండు పంపులు బిగించి స్విచ్ వేశారు. నీళ్లు పాలలా మారిపోయాయి. తెల్లారేసరికి తేటపడ్డాయి కానీ, ఒక పంపు ఎదుట గాజు అడుగు బోడిగా తేలింది. అవతలి మూలన ఇసుక దిబ్బ లేచింది.

ఆయన చెయ్యి పెట్టి దిబ్బను సర్దారు. మర్నాటికి మళ్లీ అదే గొయ్యి, అదే దిబ్బ. మూడోసారీ అంతే. "బీచిలో ఇన్నేళ్లు చేసిన పనే కదండీ, ఇక్కడా చేసుకోండి" అని నవ్వింది భార్య.

ఆ మాటలో వేళాకోళం ఎంతుందో నిజమూ అంతే ఉంది. తూర్పు తీరం వెంబడి అలలు ఏటా ఇసుకను మొత్తం మీద ఈశాన్యం వైపు నడిపిస్తాయి. ఆ దారిలో అడ్డుగోడ కడితే ఇసుక ఒక పక్క పోగవుతుంది, రెండో పక్క తీరం కోతకు గురవుతుంది. చెన్నైలో హార్బరు కట్టాక దక్షిణాన మెరీనా బీచి వెడల్పయింది, ఉత్తరాన తీరం తరిగింది. 1933లో ప్రారంభమైన విశాఖ పోర్టుదీ ఇదే కథ. పోర్టు ముఖద్వారం దగ్గర చేరే ఇసుకను తవ్వి ఆర్‌కే బీచికి పంపు చెయ్యడం అక్కడ ఎడతెగని పని. ప్రవాహం దారి మారనంత కాలం, ఇసుకను ఎన్నిసార్లు వెనక్కి పోసినా అది వెళ్లేచోటికే వెళుతుంది. సర్దాల్సింది ఇసుకను కాదు, నీటిని.

ఆ తర్వాత వారంపాటు ఆయన ఇసుకను ముట్టుకోలేదు. సన్నటి తెల్ల ఇసుక చూపుకి బాగుంటుంది కానీ, అర మిల్లీమీటరు కూడా లేని రేణువును లేపడానికి కొద్దిపాటి ప్రవాహం చాలు. ఒకటి, రెండు మిల్లీమీటర్ల రేణువు అంత తేలిగ్గా లేవదు. పంపులు నేరుగా ఎదుటికి చిమ్ముతుంటే నీరు ఒకే బాటలో దూసుకుపోతుంది. దాని దెబ్బ ఇసుక ఒక్కచోటే తింటుంది. అదే పంపును పైకి జరిపి, ముఖం కాస్త ఎత్తి, ఎదురు గాజుకు గానీ రెండో పంపు ధారకు గానీ తగిలేలా తిప్పితే ప్రవాహం విరిగి, చెదిరి, తొట్టి అంతా మెల్లగా కలియదిరుగుతుంది. ఆయన రెండు పంపులనూ నీటిమట్టానికి దగ్గరగా జరిపారు. వెనక గాజుకు ఆనించిన రాళ్లను నాలుగంగుళాలు ముందుకు లాగారు, వాటి వెనక కూడా నీరు తిరగాలని. అప్పటికీ బోడిగా మిగిలిన చోట ముతక ఇసుక పోశారు.

అలాగని ప్రవాహాన్ని మరీ తగ్గించడమూ కుదరదు. నీరు కదలని మూలల్లో మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డి మీద ఎర్రటి జిగురు పొరలా సైనోబ్యాక్టీరియా పెరుగుతుంది. ప్రాణవాయువు సంగతి ఇంకా ముఖ్యం. విశాఖ ఎండల్లో ఉప్పునీరు నిండుగా పట్టుకున్నా, లీటరుకు సుమారు ఆరున్నర మిల్లీగ్రాముల ఆక్సిజనే నిలుస్తుంది. మంచినీటి కన్నా తక్కువ. పై పొర నిరంతరం చెదురుతుంటేనే అది తిరిగి భర్తీ అవుతుంది. కరెంటు పోతే పంపులు ఆగుతాయి, గంటలు గడిచేకొద్దీ జీవులకు ఊపిరాడదు. తొట్టి పక్కన బ్యాటరీతో నడిచే గాలి పంపు వచ్చి చేరింది అందుకే.

నాలుగో వారానికి ఇసుక నిలిచింది. అప్పుడు దాని రంగు మారింది. తెల్లటి పాన్పు మీద గోధుమరంగు పొర. "తుప్పు పట్టిందండీ" అంది భార్య. తుప్పు కాదు, డయాటమ్‌లు. నీటిలోని సిలికేట్‌ను వాడుకుని కొత్త తొట్టిలో ముందుగా విజృంభించేవి అవే. ఆ మేత అయిపోతే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కంటికి కనిపించని అసలు పని మరొకటి జరుగుతోంది. వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. ఈ బ్యాక్టీరియా ఇసుక రేణువుల మీద, రాళ్ల రంధ్రాల్లో కాపురం పెట్టడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇసుకను కెలికినప్పుడల్లా ఆ కాపురం చెదురుతుంది. వారం వారం ఇసుకను సర్దుతూ కూర్చోకూడదనడానికి ఇది రెండో కారణం.

మనవడు మే మొదటి వారంలో దిగాడు. సంచి హాల్లో పడేసి తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. రాళ్లు, ఇసుక, నీళ్లు. "నీమో ఏది?" ఆ ఉదయం పరీక్షలో అమ్మోనియా ఇంకా అర మిల్లీగ్రాము చూపించింది. దుకాణంవాడికి ఫోన్ చేస్తే, "రెండు చేపలేగా సార్, వేసేయండి, ఏమీ కాదు" అన్నాడు. పిల్లవాడు ఉండేది పది రోజులు.

తాతకు అది తేలిక నిర్ణయం కాదు. చేప ఖరీదు గురించి కాదు ఆ బెంగ. అలంకరణ కోసం అమ్మే సముద్రపు చేపల్లో అత్యధికం ఇప్పటికీ పగడపు దిబ్బల నుంచి పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో 1960ల్లో మొదలైన సైనైడ్ పద్ధతిలో చేప మత్తులో పడి చేతికి చిక్కుతుంది, చుట్టూ ఉన్న పగడం చస్తుంది. తొందరపాటుతో ఒక కొత్త తొట్టిలో చచ్చిపోయే ప్రతి చేపకూ బదులుగా సముద్రం నుంచి మరొకటి వస్తుంది. ఆ సంగతి ఏడేళ్లవాడికి చెప్పేదెలా? ఆయన చెప్పలేదు. వాడికొక పని అప్పగించారు. రోజుకోసారి చేపల మేత నాలుగంటే నాలుగు రేణువులు నీటిలో వేసి, అవి ఎటు తిరిగి ఎక్కడ వాలాయో కాగితం మీద బొమ్మ గియ్యాలి. వాలిన రేణువును చిన్న వలతో తీసెయ్యాలి.

మొదటి రెండు రోజులు వాడు మూతి ముడుచుకునే గీశాడు. మూడోరోజు, కుడి మూలన రాయి వెనక రేణువులు ఒకేచోట గిరగిరా తిరిగి పడిపోతున్నాయని కనిపెట్టింది వాడే. తాత కంటికి అది ఆనలేదు. ఎడమ పంపును కొద్దిగా పక్కకు తిప్పాక ఆ సుడి పోయింది. తొమ్మిది బొమ్మలు తొట్టి గాజుకు అంటించి, చేపను చూడకుండానే వాడు బెంగళూరు రైలెక్కాడు. వెళ్లేటప్పుడు ఏడ్చాడు కూడా.

జూన్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగి, రెండు వారాలు అక్కడే నిలిచాయి. అప్పుడు వచ్చాయి రెండు క్లౌన్ చేపలు, సముద్రంలో పట్టినవి కాదు, హేచరీలో పుట్టినవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీల్లో పెంచే పద్ధతులను రూపొందించడంతో మనదేశంలో ఆ వీలు కలిగింది. తొట్టిలో పుట్టిన చేపలకు సీ అనిమొన్ తోడు లేకపోయినా గడిచిపోతుంది.

ఇసుక మీద ఇప్పుడు బ్యాక్టీరియా, నాచు అల్లిన సన్నని జిగురు పొర ఏర్పడింది. రేణువును రేణువుతో పట్టి ఉంచేది అదే. మొదటి రాత్రి గాజు తేలిన చోట ఇప్పుడు చిన్న చిన్న అలల గుర్తులే ఉన్నాయి. ఆయన వాటిని చదును చెయ్యరు. అప్పుడప్పుడూ పంపు మూతికి పట్టిన సున్నం కడుగుతారు, అంతే.

చేపలు వచ్చిన రోజు సాయంత్రం బెంగళూరుకు వీడియో కాల్ చేశారు. తెర మీద నారింజరంగు చారలు అటూ ఇటూ తిరుగుతుంటే వాడు కాసేపు నోరు మెదపలేదు. తర్వాత అడిగాడు: "తాతయ్యా, కుడి మూలకి తిప్పు. అక్కడ మళ్లీ సుడి వస్తోందా?"