తాళం పడింది... చెవి లోపలే!

నెల్లూరు జిల్లా జలదంకిలో పాత ఇళ్ల తలుపులకు బయట గొళ్లెం, దానికో తాళంకప్ప. చెవి తిప్పితేగానీ తాళం పడని రకమైతే చెవిని ఇంట్లో మర్చిపోవడమన్న మాటే లేదు. కొత్త డాబాలకు లాచ్‌లు వచ్చాయి. గాలికి తలుపు పడిందా... ఇంటావిడ వీధిలో, చెవి లోపల, స్టవ్ మీద పాలు!

అప్పుడేం చేయాలి? లోపల పసిబిడ్డ ఉన్నా, స్టవ్ వెలుగుతున్నా ఆలోచించొద్దు... 101కి ఫోన్ చేసి ఫైర్‌స్టేషన్ వాళ్లను పిలవాలి. అంత తొందర లేదంటే ముందు పెరటి తలుపు చూడండి. అదీ వేసుంటే కావలి నుంచి తాళాలు బాగుచేసే మనిషిని పిలిపించుకోవడమే మేలు. లాచ్ పగలగొడితే తలుపు చెక్కా చీలుతుంది. తాళంకప్పకైతే హ్యాక్సా బ్లేడుతో కమ్మీ కోస్తే చాలు, గొళ్లెం దక్కుతుంది.

చూరులో, తులసికోటలో చెవి దాస్తారన్నది దొంగలకూ తెలుసు. మారు తాళంచెవి పక్కింటి పిన్ని దగ్గర ఉంచితే నిశ్చింత... ఆమె కావలి బస్సెక్కనంత వరకు!