సగం మిగిలిన కాఫీ

నాన్న రోజూ కాఫీ సగమే తాగుతున్నారని కనిపెట్టింది మా ఆవిడ. గ్లాసు అందుకుంటారు, ఓ గుటక వేస్తారు, 'బాగుందమ్మా' అంటారు. కాసేపయ్యాక చూస్తే సగం కాఫీ మీగడ కట్టి అలాగే ఉంటుంది. 'మావయ్యగారికి నా కాఫీ నచ్చట్లేదండీ' అంది ఓ రోజు కాస్త నొచ్చుకుంటూ.

అమ్మ పోయాక నాన్నని తెనాలి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం. డెబ్భై రెండేళ్ల మనిషి. ఇది కావాలి, అది వద్దు అని నోరు తెరిచి చెప్పరు. అదే చిక్కు. బాగా లేదనేవాళ్లకైతే ఏదో ఒకటి చెయ్యొచ్చు. 'బాగుంది' అనేవాళ్లని ఏం చేస్తాం?

మా ఇంట్లో అప్పటిదాకా ఇన్‌స్టంట్ పొడే. వేడి పాలల్లో చెంచాడు వేసి కలిపేయడమే. ఇద్దరం ఉద్యోగాలకు పరిగెత్తేవాళ్లం మరి! తెనాలిలో పొద్దున్నే డికాషన్ వాసనకు నిద్ర లేచిన మనిషికి అది కాఫీలా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. సరే, మంచి పరికరం కొనేద్దాం అనుకున్నా. ఏ సమస్యకైనా బజార్లో ఓ పరిష్కారం దొరుకుతుందని మా తరానికి గట్టి నమ్మకం కదా!

మొదట కరెంటు కాఫీ మేకర్ వచ్చింది. కాగితం ఫిల్టరులో పొడి వేసి, నీళ్లు పోసి, మీట నొక్కితే చాలు. 1908లో మెలిటా బెంట్జ్ అనే జర్మనీ గృహిణి కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితంతో కాఫీ వడకట్టి చూసింది. అక్కణ్నుంచి మొదలైన పద్ధతి ఇది. తేటగా, మడ్డి లేకుండా దిగుతుంది. అయితే అది పాలు లేకుండా తాగేవాళ్ల కాఫీ. మనలా సగానికి పైగా పాలు పోస్తే రంగు మారిన పాలే మిగులుతాయి. నాన్న 'బాగుందిరా' అన్నారు. సగం మిగిలింది.

తర్వాత ఫ్రెంచి ప్రెస్. పేరు ఫ్రాన్సుదే అయినా, ఇప్పటి రూపానికి దగ్గరైన దానికి 1929లో పేటెంటు తీసుకున్నది ఇటలీవాళ్లు. గాజు పాత్రలో పొడి, వేడి నీళ్లు వేసి, నాలుగు నిమిషాలాగి జల్లెడని కిందికి నొక్కాలి. దానికి బొంబాయి రవ్వంత బరకగా ఉండే పొడి కావాలి. నేను వేసింది మామూలు ఫిల్టరు పొడి. సన్నటి నలుసులన్నీ జల్లెడ దాటి గ్లాసు అడుగున చేరాయి. ఈసారి సగం కంటే ఎక్కువే మిగిలింది.

ముచ్చటగా మూడోది మోకా పాట్. 1933లో ఇటలీలో బియాలెట్టి కంపెనీ తెచ్చింది. అడుగున నీళ్లు మరిగి, ఆవిరి ఒత్తిడికి పొడిలోంచి పైకి ఎగదన్నుకొస్తాయి. చిక్కగా, పాలకు తట్టుకునేలా వచ్చింది. నాన్న ముప్పావు గ్లాసు తాగారు! గెలిచేశా అనుకున్నా.

ఆ వారంలోనే ఓ రోజు తెల్లవారుజామున రైలు అందుకోవాలని నాలుగున్నరకి లేచా. హాల్లో లైటు వేసేసరికి గుండె ఆగినంత పనైంది. చీకట్లో కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నారు.

'ఏంటి నాన్నా, ఒంట్లో బాగాలేదా?'

'బానే ఉందిరా. రోజూ ఈ వేళకి మెలకువ వచ్చేస్తుంది. మీరు లేచాక కాఫీ తాగొచ్చని...'

మేం లేచేది ఆరున్నరకి. అంటే రోజూ రెండు గంటలు! అమ్మ ఉన్నన్నాళ్లూ నాలుగున్నరకి ఇద్దరూ లేచి మొదటి కాఫీ తాగేవారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ గుర్తు రాలేదు.

'కలుపుకుని తాగకపోయారా?'

'ఆ మిషన్లు నాకేం తెలుసు? ఏది నొక్కితే ఏమవుతుందో! శబ్దానికి పాప లేస్తుంది కూడానూ.'

రైల్లో కూర్చున్నాక అర్థమైంది. నేను రుచి గురించి ఆలోచించానే తప్ప, ఆ కాఫీ ఎవరు పెట్టుకోవాలి, ఏ వేళప్పుడు అన్నది ఆలోచించలేదు. నాన్న జన్మలో వంటింట్లోకి వెళ్లింది లేదు. నేను మాత్రం? అమ్మ ముప్పై ఏళ్లు కాఫీ చేతికిస్తే తాగానే గానీ ఎలా పెడుతుందో ఒక్కసారీ చూడలేదు.

తర్వాతి ఆదివారం తెనాలి వెళ్లి అటక వెతికా. రెండు స్టీలు ఫిల్టర్లు దొరికాయి. పెద్దది మా చిన్నప్పుడు, ఇంటినిండా మనుషులున్నప్పటిది. చిన్నది ఇద్దరికి సరిపడేది. అక్కా నేనూ ఇల్లు వదిలాక అమ్మ కొన్నదట. పెద్ద ఫిల్టరులో కొంచెం పొడి వేస్తే పలచగా పరుచుకుని, నీళ్లు నిలవకుండా జారిపోతాయి. అందుకే ఎంతమందికైతే అంత ఫిల్టరు. ఆ లెక్క తెలిసి అమ్మ చిన్నది కొంది. మేం వెళ్లిపోవడాన్ని ఆవిడ అలా కొలుచుకుందన్నమాట.

అమ్మ పొడి కొనే దుకాణానికీ వెళ్లా. ఆయన ఇంకా మర్చిపోలేదు. 'సగం ప్లాంటేషన్, సగం పీబెర్రీ. నూటికి ఇరవై చికోరీ. మరీ మెత్తగా పట్టొద్దనేవారండీ' అన్నాడు. చికోరీ ఓ మొక్క వేరు. వేయించి పొడి చేసి కలిపితే డికాషన్‌కి రంగు, చిక్కదనం వస్తాయి. ఎక్కువైతే కాఫీ రుచిని మింగేస్తుంది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, చికోరీ ఎంతో ప్యాకెట్ మీద ముద్రించాలని నిబంధన ఉంది. కొనేముందు ఆ అంకె చూసుకోవడం మంచిది.

గింజలూ, చికోరీ పొడీ విడిగా తెచ్చా. ఇక కొత్తగా కొన్నది ఒకటే... చేత్తో తిప్పే చిన్న గ్రైండరు. మిక్సీ బ్లేడు గింజల్ని నరుకుతుంది. సగం పిండి, సగం పలుకులు. ఈ గ్రైండరులో పళ్ల చక్రాల మధ్య గింజ నలిగి, పొడి దాదాపు ఒకే తీరుగా వస్తుంది. కాఫీ రుచికి డబ్బు పెట్టాల్సింది మొదట ఇక్కడేనని ఆలస్యంగా తెలుసుకున్నా. పైగా తెల్లవారుజామున తిప్పినా ఎవరికీ నిద్రాభంగం కాదు.

నాన్నా నేనూ కలిసి నేర్చుకున్నాం. మొదటిరోజు పొడి మెత్తగా పట్టి, కాడ ఉన్న చిల్లుల బిళ్లతో గట్టిగా అదిమాం. అరగంటైనా చుక్క దిగలేదు. రెండోరోజు బరకైంది. నీళ్లు చప్పున దిగిపోయాయి. మూడోరోజుకి కుదిరింది. రెండు గ్లాసులకి మూడు చెంచాల నిండా పొడి, బిళ్లతో పైపైన సర్దడం, కాచి ఒక్క నిమిషం ఆగిన నీళ్లు అర గ్లాసు. పావుగంటలో చిక్కటి డికాషన్. చిల్లులు పూడుకుపోతే పై గిన్నెని ఖాళీ చేసి, పటకారుతో మంట మీద పట్టుకుంటే కాలి శుభ్రపడతాయి. ఈ చిట్కా మాత్రం నాన్నకే తెలుసు. అమ్మ చేస్తుంటే చూశారట.

మోకా పాట్ అప్పుడప్పుడూ వాడుతున్నాం. కాఫీ మేకరు స్నేహితుడికి ఇచ్చేశా. ఫ్రెంచి ప్రెస్‌లో మా ఆవిడ గ్రీన్ టీ పెట్టుకుంటోంది.

మొన్న నాలుగున్నరకే మెలకువ వచ్చింది. వంటింట్లో లైటు. గ్రైండరు తిరుగుతున్న చిన్న చప్పుడు. కాసేపటికి నాన్న రెండు గ్లాసులతో వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక నాన్న చేత్తో కాఫీ తాగడం అదే మొదటిసారి.

'ఎలా ఉందిరా?'

కాస్త పలచబడింది. పంచదారా ఎక్కువైంది.

'బాగుంది నాన్నా' అన్నా.

గ్లాసు మాత్రం ఖాళీ చేసే లేచా.